బొమ్మలో ఆమె, బొమ్మ పక్కన ఆమె

ఆళ్లగడ్డ రోడ్డు వారగా నిలబెట్టిన రాతి బొమ్మలు చూసుకుంటూ వచ్చే కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "తాతా, ఈ అమ్మవారి ముఖం ఎవరిని చూసి చెక్కినావు?" అడిగేవాళ్లలో చాలామందికి మనసులో అప్పటికే ఒక ముఖం ఉంటుంది. కొందరు ఫోను తీసి చూపిస్తారు కూడా. కవిత్వం రాసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు, నంద్యాల నుంచి వచ్చే బొమ్మలు గీసే పిల్లలు, అందరి నమ్మకమూ ఒకటే. మనసుకు నచ్చిన మనిషి దొరికితే చాలు, కళ దానంతటదే వస్తుందని. మీ వయసులో నేనూ అట్లాగే నమ్మినాను. ఇప్పుడు చెయ్యి వణికి ఉలి పక్కన పెట్టినాక, ఆ నమ్మకంలో నిజమెంతో, నాకు నేను చెప్పుకున్న మాట ఎంతో వేరు చేసి చెప్పగలననిపిస్తోంది. వినే ఓపిక ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

1. ప్రేమ మీదున్న ఉలి కొలత మరిచిపోతుంది.

పెళ్లయిన కొత్తలో ఒక పల్లె గుడికి లక్ష్మీదేవి విగ్రహం ఆర్డరు వచ్చింది. దేవతా స్త్రీమూర్తికి శాస్త్రం చెప్పిన కొలత మధ్యమ దశతాళం. మూర్తి ఎత్తు మొత్తాన్ని 120 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని అంగుళం అంటాం. టేపు మీది అంగుళం కాదిది, విగ్రహం పెరిగితే అదీ పెరుగుతుంది. ముఖానికి ఇన్ని, మెడకు ఇన్ని, మోకాలికి ఇన్ని అని లెక్క. నేను ఆ లెక్కను గట్టున పెట్టి మా ఆవిడ ముఖాన్ని దించినాను. గడ్డం కాస్త కోసుగా, బుగ్గ మీద చిన్న సొట్ట. మా నాయన వచ్చి దారం పట్టి కొలిచి, ఒక్క మాటా అనకుండా దారం నా చేతిలో పెట్టి పోయినాడు. గుడి పెద్దలు మాత్రం అన్నారు. "ముఖం బాగుంది స్వామీ, కానీ ఎవరో తెలిసినామె మాదిరి ఉంది. మొక్కుదామంటే చెయ్యి లేవడంలా."

మా ఆవిడకూ నచ్చలేదు. "నా ముక్కు ఇట్లుంటాదా? ఇది నీకు నచ్చిన ముక్కు" అంది. అంటే దేవత కొలతా తప్పింది, ఆమె పోలికా తప్పింది. ఊరంతా మొక్కే మూర్తిలో నా ఇంటి సంతోషాన్ని దాచిపెట్టాలని చూడటం ఒక తప్పయితే, ఆ సంతోషం కళ్లకు కమ్మి ఆమెను కూడా సరిగ్గా చూడకపోవడం రెండోది. రెండో విగ్రహం కొలత ప్రకారం చెక్కి ఇచ్చినాను. మొదటిది చాలా కాలం పెరట్లోనే ఉంది, దాని భుజం మీద మా ఆవిడే తడిగుడ్డలు ఆరేసుకునేది.

2. అలంకరించుకుని కూర్చున్న మనిషి కంటే పనిలో ఉన్న మనిషి ఎక్కువ చెబుతుంది.

ఈ మాట నాది కాదు, మా నేల మీదే పుట్టిన కావ్యంలోది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చినాడు. ఎనిమిది ఆశ్వాసాల కావ్యం. నంద్యాలలో నేను చదువుకునేటప్పుడు మా తెలుగు మాస్టారు "ఇది మన ఊరి పుస్తకంరా" అని గర్వంగా చెప్పేవారు. పద్యాలు నాకు సగమే ఎక్కేవి. కథ మాత్రం పూర్తిగా ఎక్కింది.

అందులో సుగాత్రి, శాలీనుడు అని ఆలుమగలు ఉంటారు. సుగాత్రి కాశ్మీరంలో శారదాపీఠం అర్చకుడి కూతురు. శాలీనుడు ఇల్లరికపు అల్లుడు, ఒట్టి సిగ్గరి. ఆమెకు నగలు పెట్టి, పూలు ముడిచి గదిలోకి పంపుతారు. అతను కన్నెత్తి చూడడు. ఎన్ని రాత్రులు పంపినా అంతే. అమ్మవారికి పూలిచ్చే తోటలో పని చేసుకుంటూ కాలం గడుపుతుంటాడు. చివరికి సుగాత్రి నగలన్నీ తీసి పక్కన పెట్టి, చీర ఎగ్గట్టి, అతనితో పాటు తోటపనిలోకి దిగుతుంది. చెమట పట్టి, మట్టి అంటి, జుట్టు రేగిన ఆ మనిషిని చూసినప్పుడు శాలీనుడికి ఆమె మీద మనసు పుడుతుంది. నాలుగు వందల ఏళ్లు దాటినా ఈ ఘట్టాన్ని మించిన పాఠం శిల్పికి గానీ కవికి గానీ నేను చూడలేదు.

దాని అర్థం నాకు మేం బొమ్మలు చెక్కే పందిట్లో తెలిసింది. చెక్కడం అయినాక విగ్రహాన్ని నునుపు పట్టాలి. నీళ్లు పోస్తూ, సానరాయితో గంటల తరబడి రుద్దాలి. మా ఇళ్లలో ఆ పని చాలావరకు ఆడవాళ్లదే. మా ఆవిడ గాజులు తీసి మేకుకు తగిలించి, కొంగు బొడ్లో దోపి, ఎడమ చేత్తో చెంబు వంచుతూ కుడి చేత్తో రుద్దేది. మోచేతుల దాకా నల్లటి రాతిబురద. చెయ్యి బలంగా ముందుకు పోయినప్పుడు ఒంటి బరువంతా ఒక కాలి మీదికి వచ్చి, రెండో కాలు కాస్త వంగి, నడుము పక్కకు తిరిగి, తల మళ్లీ ఇటు వాలేది. త్రిభంగం అంటే అదే. అప్పటిదాకా నేను త్రిభంగాన్ని పాత విగ్రహాల్ని చూసి చెక్కేవాణ్ణి. నా బొమ్మలు వంగేవి గానీ నిలబడేవి కావు. బరువు ఏ కాలి మీద ఉందో తెలియకపోతే ఆ వంపు వట్టి వగలుగా మిగులుతుంది. ఆ పూట ఆమెకు తెలియకుండా నేల మీద బొగ్గుతో ఒక గీత గీసుకున్నాను. ఆ తరువాత నేను చెక్కిన ప్రతి పార్వతి తుంటిలోనూ ఆ గీత ఉంది.

మీరు ఫోనులో చూపించే ఫోటోల్లో ఆ అమ్మాయిలు అందరూ కెమెరాకేసి చూసి నవ్వుతుంటారు. నాకు వాటిలో చెక్కడానికి ఏమీ దొరకదు. ఆమె బస్సులో నిద్రపోతున్నప్పుడో, లెక్కలు వేసుకుంటున్నప్పుడో, చెప్పు తెగి దాన్ని తిట్టుకుంటున్నప్పుడో చూసినారా? అది రాయండి.

3. దూరాన ఉన్న ప్రేయసి తప్పులు దిద్దదు.

అందుకే ఆమె మీద రాయడం సులువు. ఇటలీ కవి దాంతే బియాట్రిస్‌ను చూసింది తక్కువ. ఆమె 1290లో చిన్న వయసులోనే పోయింది. అయినా ఆయన తన కావ్యంలో ఆమెను స్వర్గంలో తనకు దారి చూపే మనిషిగా నిలుపుకున్నాడు. మన కృష్ణశాస్త్రిగారి ఊర్వశి కూడా అందని మనిషే. అవి గొప్పవి కావనడానికి నేనెవణ్ణి. కానీ మీలో ఎక్కువమందికి దొరికేది ఊర్వశి కాదు, కలిసి కాపురం చేసే మనిషి. ఆమె మీ పద్యం విని "మూడోది బాలేదు" అంటుంది. అప్పుడు మీరేం చేస్తారన్నదే అసలు పరీక్ష. నేను ఆ పరీక్షలో తప్పినాను.

4. చూసినంత శ్రద్ధగా వినాలి.

రాయిని ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి శబ్దం వింటాం. గంట మాదిరి ఖంగున మోగితే పురుష శిల, అంతకంటే సన్నగా కంచు పలికినట్టు పలికితే స్త్రీ శిల, పలకనిది నపుంసక శిల. మొదటిది దేవుళ్లకు, రెండోది అమ్మవార్లకు, మూడోది అడుగు రాళ్లకు. ఈ శాస్త్రం మా ఆవిడకు ఎవరూ నేర్పలేదు. పందిట్లో పుట్టి పెరిగిన చెవి ఆమెది. ఒకసారి మంచి పెద్ద ఆర్డరుకు రాయి దించినప్పుడు, నేను తట్టి సరే అన్నాను. ఆమె లోపలి నుంచి వచ్చి "ఏమయ్యా, ఆ కుడి మూల శబ్దం చచ్చిపోతాంది, నెర్ర ఉందేమో చూడు" అంది. కూలీలు, ఆర్డరు ఇచ్చిన పెద్దమనుషులు అందరూ ఉన్నారు. "నీకేం తెలుసు, పోయి టీ పెట్టు" అన్నాను.

నెర్ర ఉంది. నాలుగు చేతుల విష్ణుమూర్తి. చక్రం పట్టిన పై చెయ్యి పూర్తయి, వేళ్ల గోళ్లు కూడా తీర్చినాక, మణికట్టు దగ్గర విడిచింది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. నెలల కష్టం, రాయి ఖరీదు, తీసుకున్న అడ్వాన్సు అన్నీ పోయినాయి. ఆ డబ్బు తరువాత ఎట్లాగో తీరింది. ఆ రోజు నలుగురిలో అన్న మాటకు మాత్రం నేను ఆమెకు ఎప్పుడూ క్షమాపణ చెప్పుకోలేదు. ఆమె కూడా ఆ తరువాత చాలా ఏళ్లు రాయి దించేటప్పుడు బయటికి రాలేదు. నేను పోగొట్టుకున్నది ఆ చెవిని.

ప్రేరణ ప్రేరణ అంటారు. ఆమె కళ్లు, ఆమె జడ, ఆమె నవ్వు ప్రేరణ. ఆమె తీర్పు మాత్రం అక్కర్లేదు. మగవాళ్లు కట్టుకున్న ఈ ఏర్పాటు నాకు ఇప్పుడు చాలా చిత్రంగా కనిపిస్తుంది.

5. ఇంటి మాటను నలుగురిలోకి తెచ్చే ముందు ఆ ఇంటి మనిషికి వినిపించు.

నంద్యాలలో నాకు ఒక కవి మిత్రుడు ఉండేవాడు. ఆలుమగల మధ్య ఏ చిన్న గొడవ జరిగినా వారంలో అది పద్యమయ్యేది. ఒక ఉగాది కవి సమ్మేళనంలో భార్య అలిగి అన్నం తినని సంగతి చదివినాడు. జనం పగలబడి నవ్వినారు, చప్పట్లు కొట్టినారు. ఆమె మూడో వరసలో కూర్చుని ఉంది. ఆ తరువాత ఆమె అలగడం మానేసింది, మాట్లాడటమూ తగ్గించింది. వాడి కవిత్వమూ ఎండిపోయింది. "ప్రేరణ పోయిందిరా" అని వాడు నాతో అన్నప్పుడు, పోలేదురా, నువ్వే చప్పట్లకు అమ్ముకున్నావు అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మళ్లీ సూరన దగ్గరికే వస్తాను. కళాపూర్ణోదయం నడిబొడ్డున ఉన్న కథ ఎక్కడ పుట్టిందో గమనించినారా? బ్రహ్మకూ సరస్వతికీ మధ్య నడిచిన సరసంలో, అలకలో. ఆ విలాసాన్నే బ్రహ్మ పాత్రలుగా మార్చి కథ అల్లుతాడు. ప్రణయ కలహం నుంచి ఒక లోకాన్నే పుట్టించినాడు సూరన. ఆ చమత్కారానికి పండితులు ఎన్ని పేర్లయినా పెట్టనీ, నాకు నచ్చింది వేరే. బ్రహ్మ ఆ కథ మొదట వినిపించింది సరస్వతికే. చదువుల తల్లి ఎదురుగా కూర్చుని వింటుంటే, ఆమె గురించే కథ చెప్పడానికి ఎంత జాగ్రత్త కావాలి!

6. ఆమె ఉండే చోటికి నువ్వు పోవాలి.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఎంతో దూరం లేదు. అక్కడి నరసింహస్వామి పేరు మీద ఓబులేసు అని పేరు పెట్టుకున్న మనిషి లేని ఊరు మా వైపు ఉండదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి కోపం చల్లారక నల్లమలలో తిరుగుతూ చెంచు పిల్లను చూసి మనసుపడినాడని, ఆమెను పెళ్లాడినాడని మా కథ. అందుకే చెంచులు ఆయన్ను ఇప్పటికీ తమ అల్లుడిగా చూసుకుంటారు. సంక్రాంతి వెళ్లగానే పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకీకి గురిపెట్టి బాణాలు వేస్తారు, స్వామి బయలుదేరుతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి తన పెళ్లికి జనాన్ని స్వయంగా పిలుచుకుంటాడు. దిగువ అహోబిలం మండపంలో స్తంభాల మీద ఆయన చెంచితను బతిమాలుకునే శిల్పాలు ఉన్నాయి. విజయనగర కాలపు చేతిపని. చిన్నప్పుడు మా నాయన నన్ను వాటి ముందు కూర్చోబెట్టి వేలితో తడిమించేవాడు.

ఉగ్ర నరసింహుణ్ణి చెక్కడం కష్టం కాదు. కనుగుడ్లు ఉబ్బించి, కనుబొమ్మలు పైకి తిప్పి, కోరలు బయట పెడితే చూసేవాడు జంకుతాడు. ప్రేమలో ఉన్న నరసింహుణ్ణి చెక్కడమే కష్టం. అదే సింహం ముఖం, అవే కోరలు. మార్చడానికి చోటు ఎక్కడుంది? పై రెప్పను ఒక వెంట్రుకవాసి దించాలి. పెదవి చివర లోపలికి తిప్పి వదిలేయాలి. మెడను ఆమె వైపు కాస్త వంచాలి. అంతకు మించి చేస్తే పిల్లి అవుతుంది. ఆ స్తంభాల శిల్పి ఎవరో గానీ ఆ వెంట్రుకవాసి అతనికి తెలుసు.

కథలో నాకు పట్టిన సంగతి, ఆమెను తన వైకుంఠానికి రమ్మనలేదు, ఆయనే ఆమె అడవికి పోయి అల్లుడైనాడు. నేను మా ఆవిడ పుట్టింటికి పండగలకు పోయినా ఒక పూట కంటే ఎక్కువ నిలిచేవాణ్ణి కాదు. ఆమె చిన్నప్పటి స్నేహితుల పేర్లు నాకు తెలియవు. ఆమె ముఖాన్ని అన్నిసార్లు చెక్కాలని చూసినవాణ్ణి, ఆమె ఎక్కడి మనిషో చూడనేలేదు.

7. నీ పక్కనున్నది వట్టి ప్రేరణ కాకపోవచ్చు, ఆమే కళాకారిణి కావచ్చు.

అన్నమయ్య అహోబిలం శఠగోపయతి దగ్గర శాస్త్రం చదువుకున్నాడు. ఆయన శృంగార సంకీర్తనల గురించి ఎంతైనా మాట్లాడతాం. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసిందని, తెలుగు తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరని ఎంతమంది చెబుతారు? మన కాలంలో బుచ్చిబాబు గారింట శివరాజు సుబ్బలక్ష్మి గారు కథలు రాసినారు, నవలలు రాసినారు, బొమ్మలు వేసినారు. అయినా చాలామందికి ఆమె "బుచ్చిబాబు గారి భార్య"గానే తెలుసు. ఆయన 1967లో పోతే, ఆమె 2021 దాకా ఉన్నారు. ఆ అర్ధ శతాబ్దం పైన కూడా ఆమె ఒక కళాకారిణే.

మా వృత్తిలోదైతే ఇంకా చేదు. ఫ్రాన్సులో రోదెన్ అని పెద్ద శిల్పి. ఆయన పనిశాలలో కామీ క్లోదెల్ అని 1864లో పుట్టిన అమ్మాయి పనిచేసింది. ఆయనకు ప్రేయసి, మోడల్, సహాయకురాలు. ఆయన పెద్ద శిల్పాలకు చేతులు, పాదాలు మలిచింది. సొంతంగా చేసిన శిల్పాలు ఎవరికీ తీసిపోనివి. విడిపోయినాక ఒంటరిదైంది. 1913లో ఇంటివాళ్లు పిచ్చాసుపత్రిలో చేర్చినారు. ముప్పై ఏళ్లు అక్కడే ఉండి 1943లో పోయింది. ఆమె పేరుతో మ్యూజియం 2017లో గానీ తెరవలేదు. ఇదంతా మా మనవరాలు చదివి చెబుతుంటే, విగ్రహంలో చేతులు, పాదాలు అన్న మాట దగ్గర నేను ఆగిపోయినాను. చూసేవాళ్లు ముఖం చూస్తారు. శిల్పి పనితనం తెలిసేది వేళ్లలో.

మా ఇంట్లో నగలన్నీ మా ఆవిడవి. అంటే ఒంటి మీదివి కాదు, విగ్రహాల మీదివి. వడ్డాణం, కంటె, భుజకీర్తులు, కిరీటం మీది లతలు, ఏవి ఎట్లా తిరగాలో ఆమె ముందు ముగ్గుపిండితో నేల మీద వేసి చూపేది. నేను వాటిని రాతికి ఎక్కించేవాణ్ణి. మా పందిట్లో విగ్రహం కొన్నవాళ్లు "నగిషీ చూడండి ఎంత సన్నగా ఉందో" అని నన్ను మెచ్చుకునేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒకసారి ఆమె "ఆ చిన్న ఉలి ఇట్లీ, ఈ తీగ నేనే తీస్తా" అని చెయ్యి చాచింది. మా ఇళ్లలో ఆడవాళ్లు రుద్దుతారు, మోస్తారు, నీళ్లు పోస్తారు, ఉలి మాత్రం పట్టరు. అదేమి ఆచారమో, ఎవరు పెట్టినారో నేను అడగలేదు. "వద్దులే, వేళ్లు నలుగుతాయి" అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నా జీవితంలో నాకు తెలిసి చేసిన తప్పుల్లో ఇది అన్నిటికంటే చిన్న మాటతో చేసింది, అన్నిటికంటే పెద్దది.

ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు ఊరికి. రుద్దిన చేతులకు, ముగ్గు వేసి చూపిన చేతులకు ఏ గుర్తింపు ఉందో మీరు లెక్క వేసుకోండి. ఇప్పుడు మా మనవరాలు కంప్యూటరులో నగిషీ గీస్తుంది. బిల్లు మీద దాని పేరు కూడా రాయమని మావాళ్లతో పట్టుబట్టి రాయిస్తున్నాను. కొందరు కొనేవాళ్లు ఎగాదిగా చూస్తారు. చూడనీ.

8. పోయినాక చెక్కుదామనుకుంటే, చెక్కడానికి నీ దగ్గర ఏముందో ముందే చూసుకో.

విశ్వనాథ సత్యనారాయణ గారు తొలి భార్య వరలక్ష్మమ్మ పోయిన దుఃఖంలో వరలక్ష్మీ త్రిశతి రాసినారు. ఆయనకు పద్యం ఉంది, దుఃఖం నిలవడానికి చోటు దొరికింది. మా ఆవిడ పోయినాక నేనూ రాయి దించుకున్నాను. శబ్దం విని, నెర్ర లేదని నాలుగు వైపులా చూసుకుని మరీ. తీరా కూర్చుంటే నా దగ్గర ఉన్నది ఒక పెళ్లి ఫోటో. నగలు పెట్టి, తల వంచి, స్టూడియో వెలుతురులో నిలబెట్టిన పిల్ల. శాలీనుడు కన్నెత్తి చూడని సుగాత్రి అది. నేను ఎరిగిన మనిషి రాతిబురదతో చెంబు వంచుతున్నామె. ఆ రూపానికి ఫోటో లేదు. ముఖం మొదలుపెడితే మళ్లీ నాకు నచ్చిన ముక్కే వస్తోంది. ఆ రాయి అట్లాగే ఉంది. మావాళ్లు దాన్ని వేరే ఆర్డరుకు వాడుకుంటామని అడుగుతున్నారు, ఇచ్చేస్తానేమో.

ఈమధ్య భార్య పోయినవాళ్లు విగ్రహం చేయించుకోవడానికి నంద్యాల నుంచి, ఇంకా దూరం నుంచి వస్తున్నారు. ఫోనులో ఫోటో చూపించి, ఎత్తెంత, ఖరీదెంత అంటారు. కూర్చోబెట్టి నేను ఒకటే అడుగుతాను: ఆమె చేతులు ఎప్పుడూ ఏం చేస్తుండేవి? చాలామంది బిత్తరపోతారు. ఒకాయన "వంట" అని, కాస్త ఆగి "కుడి చెయ్యి కాదు, ఎడమ చేతివాటం" అన్నాడు. ఆయన బొమ్మ బాగా వచ్చింది. చెప్పలేనివాళ్ల దగ్గర మాత్రం అడ్వాన్సు తీసుకోవద్దని మావాళ్లకు చెప్పినాను. ఇంటికి పోయి పిల్లల్ని, ఆమె అక్కచెల్లెళ్లను అడిగి రమ్మంటాం. కొందరు అడిగి వస్తారు. కొందరు పక్క షాపులో ఇచ్చిపోతారు.